ఎడమ సీటు వద్దంటున్న పైలట్లు: ఒక పాత లెక్క

2023 వేసవిలో అమెరికా విమానయాన రంగం నుంచి వచ్చిన ఒక వార్త చాలామందిని ఆశ్చర్యపరిచింది. అంతకుముందు ఏడాది కాలంలో యునైటెడ్ ఎయిర్‌లైన్స్ ప్రకటించిన కెప్టెన్ (విమానంలో ఎడమ సీటు) ఖాళీల్లో దాదాపు సగం భర్తీ కాలేదు. అర్హులు లేక కాదు, ఉన్న అర్హులు ముందుకు రాలేదు. అమెరికన్ ఎయిర్‌లైన్స్‌లో అయితే, కెప్టెన్ అయ్యే వీలుండి కూడా వద్దనుకున్నవాళ్లు 7,000 మందికి పైనే ఉన్నారని అక్కడి పైలట్ల సంఘం చెప్పింది.

ఈ తరానికి కష్టపడటం ఇష్టం లేదని కొందరు తేల్చేశారు. ఆ మాట అన్యాయం. ఈ పైలట్లు కష్టం చూసి వెనక్కి తగ్గలేదు, లెక్క వేసుకుని ఆగారు. ఆ లెక్క అర్థం కావాలంటే 90 ఏళ్లు వెనక్కి వెళ్లాలి.

1930ల మొదట్లో ఏ పైలట్ ఏ రూట్‌లో వెళ్లాలన్నది మేనేజర్ ఇష్టం. నచ్చినవాళ్లకు మంచి రూట్లు, ఎదురు చెప్పినవాళ్లకు పాడు వాతావరణంలో రాత్రి ప్రయాణాలు. 1931లో డేవిడ్ బెంకీ అనే పైలట్ నాయకత్వంలో ఎయిర్ లైన్ పైలట్స్ అసోసియేషన్ పుట్టింది. దాన్నే ఆల్పా అంటారు. మరుసటి ఏడాదే షికాగోలో సెంచురీ ఎయిర్ లైన్స్ యజమాని ఇ.ఎల్. కార్డ్ జీతాలు కోయబోతే, ఆ సంఘం మొదటి పెద్ద పోరాటం చేసింది. 1934లో జాతీయ కార్మిక బోర్డు ఇచ్చిన 'డెసిషన్ 83' తీర్పు నెలకు 85 గంటలకు మించి విమానం నడపకూడదంది. జీతం లెక్కలో విమానం వేగాన్ని, దూరాన్ని కూడా కలిపింది. విమానం పెద్దదయ్యేకొద్దీ పైలట్ జీతం పెరిగే పద్ధతికి బీజం అక్కడే పడింది. 1936లో రైల్వే లేబర్ చట్టాన్ని విమానయానానికీ వర్తింపజేశారు. రైల్వేలో అప్పటికే పాతుకుపోయిన సీనియారిటీ పద్ధతి కూడా క్రమంగా విమానాల్లోకి వచ్చింది.

మేనేజర్ దయాదాక్షిణ్యాల నుంచి తప్పించుకోవడానికి తెచ్చుకున్న రక్షణ ఇది. ఉద్యోగంలో చేరిన తేదీని బట్టి ఒక నంబర్ వస్తుంది. ఎవరి తర్వాత ఎవరన్నది ఆ నంబరే చెబుతుంది, ఎవరి మెప్పూ అక్కర్లేదు. ఏ బేస్‌లో (డ్యూటీ మొదలయ్యే ఎయిర్‌పోర్టులో) ఉండాలి, ఏ విమానం నడపాలి, ఏ నెలలో ఏ ట్రిప్పులు, పండక్కి సెలవు ఎవరికి అన్నవన్నీ ఆ నంబర్ ప్రకారమే తేలతాయి. ప్రతి నెలా పైలట్లు తమకు కావలసినవి అడుగుతూ బిడ్ వేస్తారు. పైనుంచి కిందికి పంచుకుంటూ వస్తే, చివర మిగిలినవి చివరివాళ్లకు.

అసలు చిక్కు ఇక్కడుంది. విమానంలో కుడి సీటు ఫస్ట్ ఆఫీసర్‌ది, ఎడమ సీటు కెప్టెన్‌ది. ఎడమ సీటుకు మారినా నంబర్ మారదు, కానీ పోటీపడే గుంపు మారిపోతుంది. ఉదాహరణకు ఒక బేస్‌లో వంద మంది ఫస్ట్ ఆఫీసర్లలో 20వ స్థానంలో ఉన్న పైలట్‌ని తీసుకోండి. శని, ఆదివారాలు సెలవు దొరుకుతుంది, రాత్రంతా మేలుకునే ట్రిప్పులు తప్పించుకోవచ్చు, పిల్లల స్కూల్ ఫంక్షన్ రోజు ఇంట్లో ఉండొచ్చు. అదే మనిషి కెప్టెన్ కాగానే వంద మంది కెప్టెన్లలో 98వ స్థానానికి వెళ్లిపోవచ్చు. అప్పుడు నెల షెడ్యూల్ కూడా చేతికి రాదు, రిజర్వ్‌లో పడతారు.

రిజర్వ్ అంటే ఎవరికైనా జ్వరం వస్తేనో, తుపానుకు షెడ్యూళ్లు తారుమారైతేనో పిలవడానికి సిద్ధంగా ఉంచిన పైలట్. షార్ట్ కాల్ రిజర్వ్ అయితే ఫోన్ మోగిన రెండు మూడు గంటల్లో ఎయిర్‌పోర్టులో ఉండాలి. అలా ఎదురుచూసే సమయం ఒకేసారి 14 గంటల దాకా ఉండవచ్చని అమెరికా నిబంధన. ఇల్లు డెన్వర్‌లోనో టెక్సస్‌లోనో, బేస్ న్యూయార్క్‌లోనో అయితే ఆ 14 గంటలు ఇంట్లో గడిపే వీలు లేదు. బేస్ దగ్గరే నలుగురైదుగురు కలిసి అద్దెకు తీసుకున్న, మంచాల మీద మంచాలు వేసిన గదిలో గడపాలి. ఆ గదుల్ని క్రాష్ ప్యాడ్ అంటారు. న్యూయార్క్‌లోని క్యూ గార్డెన్స్ పేటలో విమాన సిబ్బంది అంతమంది ఉంటారు కాబట్టే దానికి 'క్రూ గార్డెన్స్' అని ముద్దుపేరు వచ్చింది. కొత్త కెప్టెన్లకు సాధారణంగా దొరికేవి న్యూయార్క్, శాన్‌ఫ్రాన్సిస్కో లాంటి బేస్‌లే. అక్కడ ఇల్లు కొనడం కష్టం, అందుకే సీనియర్లు అటు పోరు.

ఇంత చేస్తే జీతం ఎంత పెరుగుతుంది? ఒకే రకం విమానంలో అనుభవమున్న ఫస్ట్ ఆఫీసర్‌కి కెప్టెన్ జీతంలో దాదాపు మూడింట రెండు వంతులు వస్తుంది. పెద్ద విమానంలో సీనియర్ ఫస్ట్ ఆఫీసర్‌గా ఉంటే, చిన్న విమానంలో కొత్త కెప్టెన్‌కి వచ్చేదానికి దగ్గరగా వస్తుంది. 1934 నాటి సూత్రం ఇలా పనిచేస్తోంది. ఆ కొంచెం తేడా కోసం వారాంతాలు, పండగలు, సొంత మంచం మీద నిద్ర వదులుకోవాలా అని ఇంట్లో భార్యాభర్తలు కూర్చుని మాట్లాడుకుంటే, వద్దనే తీర్మానం రావడంలో వింత ఏముంది?

మరి ఈ పద్ధతి ఇన్నేళ్లుగా ఉంటే, పాత తరం ఎందుకు ఎగబడింది? అప్పుడు కెప్టెన్ సీటు అరుదు, కుడి సీటు జీతం తక్కువ. 1978లో విమానయానంపై ప్రభుత్వ నియంత్రణ ఎత్తేశాక ఉద్యోగం మీద ఉన్న భరోసా కూడా కదిలిపోయింది. 1983లో కాంటినెంటల్ ఎయిర్‌లైన్స్ దివాలా పిటిషన్ వేసి, పైలట్ల ఒప్పందాన్ని పక్కన పెట్టి జీతాలు సగానికి తెగ్గోసింది. అదే కాలంలో అమెరికన్ ఎయిర్‌లైన్స్ కొత్తగా చేరేవాళ్లకు తక్కువ జీతాలతో వేరే స్కేలు తెచ్చింది. 1991లో ఈస్టర్న్, పాన్ యామ్ కంపెనీలు మూతపడ్డాయి. సీనియారిటీ నంబర్ ఒక కంపెనీ నుంచి ఇంకో కంపెనీకి రాదు. దశాబ్దాలు కెప్టెన్లుగా ఉన్నవాళ్లు వేరేచోట చేరితే జాబితాలో అట్టడుగున మొదలుపెట్టాల్సిందే. 2001లో టీడబ్ల్యూఏ అనే కంపెనీ అమెరికన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసినప్పుడు దాని పైలట్లలో పెద్ద భాగాన్ని జాబితా చివర చేర్చారు. తర్వాత వచ్చిన కోతల్లో చాలామంది ఇంటికి వెళ్లారు.

2001 సెప్టెంబర్ దాడుల తర్వాతి పదేళ్లను చాలామంది పైలట్లు 'చేజారిన దశాబ్దం' అంటారు. 2002 డిసెంబర్‌లో యునైటెడ్, 2005లో ఒకే రోజున డెల్టా, నార్త్‌వెస్ట్, 2011లో అమెరికన్ దివాలా రక్షణ కోరాయి. యునైటెడ్ పైలట్ల పెన్షన్ పథకం 2005లో రద్దయి ప్రభుత్వ బీమా సంస్థ చేతికి వెళ్లింది. 2007 చివర్లో రిటైర్మెంట్ వయసును 60 నుంచి 65కి పెంచడంతో కింద ఉన్నవాళ్లు ఐదేళ్లు కదల్లేదు. ఎడమ సీటు కోసం అన్నీ ఓర్చుకున్న తండ్రుల పెన్షన్ పోవడం చూసిన పిల్లలు కూడా ఈ వృత్తిలోకి వచ్చారు. రేపటి జీతం మీద నమ్మకం పెట్టుకోవడం కంటే ఇవాళ్టి సెలవు రోజును పట్టుకోవడమే మేలని వాళ్లు అనుకున్నారంటే, ఆ పాఠం నేర్పింది కంపెనీలే.

2009 ఫిబ్రవరిలో నెవార్క్ నుంచి బఫలో వెళ్తున్న కోల్గన్ ఎయిర్ విమానం కూలి 50 మంది చనిపోయారు. ఆ విమానం ఫస్ట్ ఆఫీసర్ జీతం చాలా తక్కువని, ఆమె డ్యూటీకి సియాటెల్ వైపు నుంచి రాత్రంతా ప్రయాణం చేసి వచ్చిందని విచారణలో బయటపడ్డాక, అలసట గురించి దేశమంతా మాట్లాడింది. 2013లో ఎయిర్‌లైన్ పైలట్‌కి సాధారణంగా 1,500 గంటల అనుభవం ఉండాలని, కెప్టెన్ కావాలంటే ఎయిర్‌లైన్‌లో మరో 1,000 గంటలు కావాలని నిబంధన వచ్చింది. 2014 జనవరిలో విశ్రాంతి నిబంధనలు మారాయి.

కోవిడ్‌తో అంతా తలకిందులైంది. 2020లో వేలమంది సీనియర్లు డబ్బు తీసుకుని ముందుగా రిటైరయ్యారు. 2021 నుంచి ప్రయాణికులు వెల్లువెత్తితే కంపెనీలు వేలల్లో పైలట్లను తీసుకున్నాయి. ఒకప్పుడు పదిహేనేళ్లు ఆగితేగాని దొరకని కెప్టెన్ సీటు, ఒకటి రెండేళ్లలోనే అందేంత దగ్గరకు వచ్చింది. అంత త్వరగా తీసుకుంటే జాబితా అడుగునే ఉండాలి. పైగా ఆ రెండేళ్లూ షెడ్యూళ్లు అల్లకల్లోలంగా ఉండి, సెలవు రోజున పిలిపించుకోవడం, ఇంటికి బయల్దేరినవాళ్లకు చివరి నిమిషంలో ఇంకో ట్రిప్పు అంటగట్టడం మామూలైపోయాయి. ఆ టెన్షన్ ఎక్కువగా పడింది కొత్త కెప్టెన్ల మీదే. కుడి సీటులో ఉన్నవాళ్లు పక్కనే కూర్చుని ఇదంతా చూశారు. అందుకే 2022 నవంబర్‌లో 14.5 శాతం పెంపు ఇస్తామన్న ఒప్పందాన్ని యునైటెడ్ పైలట్లలో ఓటు వేసినవాళ్లు 94 శాతం తిరస్కరించారు. 2023 సెప్టెంబర్‌లో వాళ్లు ఆమోదించిన ఒప్పందం నాలుగేళ్లలో 40 శాతం దాకా పెంపుతో పాటు షెడ్యూల్ విషయంలో రాయితీలు కూడా ఇచ్చింది.

మన దేశంలో పరిస్థితి వేరు. కెప్టెన్ కొరత ఎక్కువ, కమాండ్ (కెప్టెన్ పదవి) దొరికితే వద్దనేవాళ్లు తక్కువ. 2017 నుంచి రాజీనామాకు కో-పైలట్ (ఫస్ట్ ఆఫీసర్) ఆరు నెలల నోటీసు ఇస్తే చాలు, కమాండర్ (కెప్టెన్) ఏడాది ఇవ్వాలి. పైలట్ల అలసటపై విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ కొత్త నిబంధనలు పూర్తిగా అమల్లోకి వచ్చిన 2025 నవంబర్ తర్వాత, డిసెంబర్‌లో ఇండిగో వేల విమానాలు రద్దు చేసింది. శంషాబాద్‌లో కూడా జనం గంటల తరబడి పడిగాపులు కాశారు. ఎంతమంది పైలట్లు కావాలన్న లెక్క ముందే వేసుకోకపోతే ఏమవుతుందో అక్కడ కనిపించింది.

అమెరికాలో రిటైర్మెంట్ వయసును 67కి పెంచాలన్న ప్రతిపాదనను ప్రతినిధుల సభ 2023లో ఆమోదించినా, 2024 మేలో వచ్చిన చట్టంలో అది లేదు. ఆల్పా దాన్ని వ్యతిరేకించింది. అది ఉంటే కింద ఉన్నవాళ్ల నంబర్లు మరో రెండేళ్లు కదిలేవి కావు. నా దృష్టిలో అంతకంటే పెద్ద మార్పు కంపెనీల చేతుల్లో ఉంది. రిజర్వ్‌లో ఉన్న కెప్టెన్‌కి నెలలో ఫలానా రోజులు ఇంట్లో ఉంటారన్న గట్టి హామీ, సెలవు రోజున పిలిస్తే మంచి అదనపు జీతం ఇవ్వాలి. ఎక్కడ ఇవి నిజంగా అందితే, అక్కడ కెప్టెన్ సీటుకు పైలట్లు వాళ్లంతట వాళ్లే బిడ్ వేస్తారు.