తెలుగు వెబ్ మొదట దేన్ని నమ్మింది?

వెబ్‌లో ఏటా ఏదో ఒక కొత్త టెక్నాలజీ వచ్చి, ఇక అంతా నాదే అంటుంది. దేన్ని పట్టించుకోవాలి, దేన్ని వదిలేయాలి అన్న టెన్షన్ మాత్రం పాతదే. తెలుగు పత్రికలు వెబ్‌లో అడుగుపెట్టిన 1990ల చివర్లోనూ ఇదే తేల్చుకోవాల్సి వచ్చింది.

అప్పటికే అన్ని భాషల అక్షరాలకూ నంబర్లిచ్చే ప్రమాణం యూనికోడ్ ఉంది. 1991లో వచ్చిన తొలి వెర్షన్‌లోనే తెలుగుకు చోటు దొరికింది. 'క'కు 3093, గుడికి 3135, ఇలా ఒక్కోదానికి ఒక్కో నంబరు. చిక్కల్లా తెరమీద చూపించడంలో. ఈ రెండు నంబర్లనీ కలిపి 'కి' అని గీయాల్సింది ఆపరేటింగ్ సిస్టమ్. విండోస్ 98లో తెలుగుకు ఆ ఏర్పాటు లేదు. 2001లో ఎక్స్‌పీతో, గౌతమి ఫాంటుతో వచ్చింది. వచ్చినా, కంట్రోల్ ప్యానెల్‌లోకి వెళ్లి కాంప్లెక్స్ స్క్రిప్ట్ ఆప్షన్‌కు టిక్ పెట్టాలి. సీడీ పెట్టమంటే అది ఎక్కడుందో వెతకాలి. మామూలు పాఠకుడు ఇదంతా చేస్తాడా?

కంప్యూటర్‌లో పేజీలు కూర్చే డీటీపీ వాళ్ల పద్ధతి మాత్రం అప్పటికప్పుడు పనిచేసేది. తలకట్లు, గుళ్లు, కొమ్ములు, ఒత్తులు అన్నీ ముక్కలుగా, ఇంగ్లిష్ అక్షరాలకు కేటాయించిన గళ్లలో కూర్చిన ఫాంటు అది. 1997లో మైక్రోసాఫ్ట్ బ్రౌజర్ ఐఈ (ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్) 4తో ఈఓటీ, దాని పోటీ బ్రౌజర్ నెట్‌స్కేప్ 4తో బిట్‌స్ట్రీమ్ వారి ట్రూడాక్ అనే ఫాంటు పద్ధతులు వచ్చాయి. ఇక ఫాంటు పేజీతోపాటే దిగేది, పాఠకుడు ఏదీ ఇన్‌స్టాల్ చేసుకోనక్కర్లేదు. వీటినే డైనమిక్ ఫాంట్లు అన్నారు. పత్రికలు అటు మొగ్గాయంటే తప్పుపట్టలేం, తెల్లారేసరికి పేపరు తెరమీద కనిపించాలి కదా.

ఆ వార్తను కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో అతికిస్తే అసలు సంగతి బయటపడేది: ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తుల కలగాపులగం. సెర్చ్ ఇంజన్‌కు కనిపించేదీ అదే. ఒక పత్రిక గళ్ల అమరిక ఇంకో పత్రికకు సరిపోదు. పైగా ఈఓటీ ఐఈ దాటి బయటికి రాలేదు, ట్రూడాక్‌ను 2000లో నెట్‌స్కేప్ 6 వదిలేసింది. ఫైర్‌ఫాక్స్ వాడేవాళ్ల కోసం ఈ వార్తల్ని అక్కడికక్కడే యూనికోడ్‌లోకి మార్చే 'పద్మ' అనే పొడిగింత పుట్టుకొచ్చింది.

ఈలోగా యూనికోడ్‌ను పట్టుకున్నవాళ్లు నిదానంగా పని చేసుకుపోయారు. 2003లో తెలుగు వికీపీడియా మొదలైంది, 2006లో ఇంగ్లిష్ కీబోర్డుతో తెలుగు రాసుకునే లేఖిని వచ్చింది, బ్లాగులు పెరిగాయి. అప్పటి ఆ రాతలు ఇప్పటి ఫోన్‌లోనూ చక్కగా కనిపిస్తాయి, వెతికితే దొరుకుతాయి.

నిజానికి పేజీతో ఫాంటును పంపడమన్న ఆలోచనలో లోపం లేదు. 1998లో, వెబ్ పేజీ రూపురేఖల్ని నిర్దేశించే సీఎస్ఎస్ 2లో దానికి పద్ధతి రాశారు, బ్రౌజర్లు కలిసిరాకపోవడంతో 2.1లో తీసేశారు. 2008లో సఫారీ, 2009లో ఫైర్‌ఫాక్స్ మామూలు ఫాంటు ఫైళ్లను తీసుకోవడంతో అదే ఆలోచన మళ్లీ లేచింది. 2012లో వెబ్ ఫాంట్ల కోసమే చేసిన ఫైలు రకం వాఫ్ ప్రమాణమైంది. అందుకే కొత్తది ఏది వచ్చినా నేను ముందు చూసేవి రెండే: అది ఎంతమంది చేతుల్లో ఉంది? రేపు అది పోతే మన రాత మనకు మిగులుతుందా? ఈ రెండో ప్రశ్న దగ్గరే, బ్రౌజర్‌లో అడోబీ ఫ్లాష్ ప్లగిన్ ఉంటేనే నడిచే ఫ్లాష్ సైట్లు మునిగాయి. 2020 డిసెంబర్ 31తో అడోబీ దాన్ని ఆపేసింది.

మొదటి ప్రశ్నకు ఇప్పుడు సులువుగానే జవాబు దొరుకుతోంది. 2023లో మొదలైన 'బేస్‌లైన్' గుర్తు, ఒక సౌకర్యం క్రోమ్, ఎడ్జ్, ఫైర్‌ఫాక్స్, సఫారీలన్నింటిలో చేరిందా, చేరి 30 నెలలు దాటిందా అన్నది చెబుతుంది. రెండోది మనమే చూసుకోవాలి. 2021లో గూగుల్ డాక్స్, పేజీని కాన్వాస్ మీద, అంటే బ్రౌజర్‌లో బొమ్మలు గీసే పలక మీద, గీసే పద్ధతికి మారుతున్నట్టు ప్రకటించింది. కాన్వాస్‌లో కనిపించే అక్షరం బ్రౌజర్‌కు బొమ్మే, చూపులేనివారికి తెరను చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌కు దాని పాఠాన్ని విడిగా అందించాలి. అంత పనీ చేసే బలగం గూగుల్‌కు ఉంది. ఇద్దరు ముగ్గురు నడిపే తెలుగు సైటు ఆ దారి పట్టేముందు, తెరమీది ఒక వాక్యాన్ని కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో అతికించి చూసుకుంటే మంచిది.