అప్‌డేట్ చేసుకోని యూజర్‌ది తప్పేనా?

సైట్ తెరిస్తే తెల్ల పేజీ తప్ప ఏమీ రావట్లేదని ఎవరైనా ఫిర్యాదు చేస్తే, డెవలపర్ నోట వచ్చే మొదటి మాట 'బ్రౌజర్ అప్‌డేట్ చేసుకోండి'. నిజానికి ఆ పని చాలామంది చేతుల్లో ఏనాడూ లేదు.

మైక్రోసాఫ్ట్ బ్రౌజర్ ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 6 (ఐఈ6) వచ్చింది 2001 ఆగస్టులో. దానికి పోటీ బ్రౌజర్ నెట్‌స్కేప్ అప్పటికే చతికిలబడింది. పోటీ లేకపోయేసరికి తర్వాతి వెర్షన్ 2006 అక్టోబరు దాకా రానే లేదు. ఆ ఐదేళ్లలో ఎన్నో ఆఫీసులు లోపల వాడుకునే అప్లికేషన్లను యాక్టివ్ఎక్స్ అనే మైక్రోసాఫ్ట్ టెక్నాలజీతో, ఈ ఒక్క బ్రౌజర్‌నే నమ్ముకుని రాయించుకున్నాయి. దాన్ని మారిస్తే రోజువారీ పని ఆగిపోతుంది. ఉద్యోగి మారుద్దామనుకున్నా అతని దగ్గర అడ్మిన్ పాస్‌వర్డ్ ఉండదు.

డెవలపర్లు పడ్డ పాట్లూ తక్కువేమీ కాదు. పేజీలో ఎడమ పక్కకు జరిపిన (ఫ్లోట్ చేసిన) పెట్టెకు ఎడమ మార్జిన్, అంటే ఖాళీ చోటు, 10 పిక్సెళ్లు ఇస్తే ఐఈ6 దాన్ని 20 చేసి చూపేది. దాంతో చోటు చాలక చివరి కాలమ్ కిందికి జారిపోయేది. పేజీ డిజైన్ కోడ్‌లో 'డిస్‌ప్లే: ఇన్‌లైన్' అని ఒక్క లైను చేరిస్తే సర్దుకునేది. ఫ్లోట్ చేసిన పెట్టెకు ఆ మాట అసలు వర్తించదు, అయినా పనిచేసేది! పారదర్శకంగా ఉండాల్సిన పీఎన్‌జీ లోగో వెనక బూడిద రంగు ముద్ద కనిపించేది. 2006లో వచ్చిన జేక్వెరీ అనే రెడీమేడ్ కోడ్ లైబ్రరీని అందరూ అంతలా అక్కున చేర్చుకున్నారంటే, బ్రౌజర్ల మధ్య తేడాల టెన్షన్‌ని అది తన నెత్తిన వేసుకోవడమే పెద్ద కారణం.

2010లో యూట్యూబ్ ఐఈ6కి సపోర్ట్ ఆపేసింది. 2011లో మైక్రోసాఫ్టే దాని వాడకాన్ని ఒక్క శాతం లోపుకు దించాలని ప్రచారం మొదలుపెట్టింది. కానీ నా దృష్టిలో అసలు మలుపు 2008లో వచ్చిన క్రోమ్. యూజర్‌ని అడగకుండానే అప్‌డేట్ అయిపోయే పద్ధతిని అలవాటు చేసింది అదే.

అలాగని సమస్య తీరిపోలేదు, ఫోన్లలోకి చేరింది. ఐఫోన్‌లో సఫారీ కొత్తది కావాలంటే ఐఓఎస్ మొత్తం మారాలి. పాత ఫోన్‌కి కొత్త ఐఓఎస్ రాదు. ఆండ్రాయిడ్‌లో, యాప్‌ల లోపల వెబ్ పేజీలు చూపించే వెబ్‌వ్యూ విడిగా అప్‌డేట్ కావడం 2014లో, 5.0 వెర్షన్‌తో గానీ మొదలవలేదు.

సైట్ అసలుదేనని బ్రౌజర్‌కి రుజువు చేసే సెక్యూరిటీ సర్టిఫికెట్లను ఉచితంగా ఇచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్‌కి 2020లో ఇదే చిక్కు ఎదురైంది. 7.1.1 కంటే పాత ఆండ్రాయిడ్ ఫోన్లు దాని సొంత రూట్ సర్టిఫికెట్‌ని, అంటే మిగతా సర్టిఫికెట్లన్నిటికీ మూలమైనదాన్ని, గుర్తించవు. అవి నమ్మే వేరే సంస్థ రూట్‌కేమో 2021 సెప్టెంబరుతో గడువు తీరిపోతుంది. అప్పటి లెక్కలో ఆండ్రాయిడ్ పరికరాల్లో దాదాపు మూడో వంతు అలాంటివే. 'కొత్త ఫోన్ కొనుక్కోండి' అని వాళ్లను వదిలేయలేదు. రూట్ సర్టిఫికెట్ గడువును ఆండ్రాయిడ్ పట్టించుకోదన్న సంగతిని వాడుకుని, తమ రూట్‌కి హామీగా ఆ సంస్థతో మరో మూడేళ్లకు క్రాస్ సంతకం చేయించుకున్నారు. అలా ఆ పాత ఫోన్లలోనూ సైట్లు 2024 దాకా తెరుచుకుంటూ వచ్చాయి.