తోమిన వెండి రూపాయి: గ్రేడింగ్‌కి పంపేవాళ్ల అపోహలు, అసలు సంగతులు

గ్రేడింగ్‌కి, అంటే నాణెం స్థితిని పరిశీలించి అంకె వేసే సంస్థలకు, పంపుదామని నా దగ్గరికి తెచ్చే పాత వెండి రూపాయల్లో చాలావరకు పూజ గదిలోంచి వచ్చినవే. విక్టోరియా రాణివి, ఐదో జార్జివి, నిజాం చార్మినార్ రూపాయలు. ఏటా వరలక్ష్మీ వ్రతానికి చింతపండుతోనో విభూతితోనో తోమి, పసుపు కుంకుమ పెట్టినవి. ఇంట్లోవాళ్లకు అది శుభ్రం చేయడం, పీసీజీఎస్, ఎన్జీసీ లాంటి గ్రేడింగ్ సంస్థలకు అది నాణేన్ని పాడుచేయడం. అలాంటివాటికి సాధారణంగా 1 నుంచి 70 వరకు ఉండే స్కేలు మీద అంకె ఇవ్వరు. ‘ఎక్స్ఎఫ్ డీటెయిల్స్, క్లీన్డ్’ (బొమ్మ వివరాలు బాగానే ఉన్నాయి, కానీ తోమారు) లాంటి మాట రాసి పంపేస్తారు. కాబట్టి ఫీజు కట్టకముందే మనమే చూసుకోవడం మంచిది.

అపోహ: తెల్లగా ఉంటే తోమినట్టు, నల్లగా ఉంటే తోమనట్టు.

ఎక్కువమంది డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే. గాలిలోని గంధకం తగిలి వెండి నల్లబడుతుంది. తోమిన నాణెం కూడా కొన్నేళ్లు బీరువాలో పడుంటే మళ్లీ నల్లబడుతుంది. ఇంకోవైపు, ఎవరూ చేయి పెట్టకుండా తెల్లగా మిగిలిన 1918 నాటి రూపాయలూ ఉన్నాయి. రంగును బట్టి తీర్పు చెప్పలేం.

చూడాల్సింది మెరుపు ఎలా కదులుతుందో. అచ్చు పడినప్పుడు లోహం ఒత్తిడికి బయటివైపు జరుగుతుంది, ఆ జరుగుడుకి కంటికి ఆనని సన్నని చారలు ఏర్పడతాయి. గదిలో లైట్లన్నీ ఆర్పి, ఒక్క టేబుల్ ల్యాంపు కింద నాణేన్ని మెల్లగా వంచుతూ తిప్పండి. చారలు బతికుంటే వెలుగు బండి చక్రం ఆకుల్లా చుట్టూ తిరుగుతుంది. తోమితే ఆ చారలు అరిగిపోతాయి. అప్పుడు నాణెం ఎంత తళతళలాడినా ఆ వెలుగు తిరగదు, ఎటు వంచినా ఒకే గుడ్డి మెరుపు. ట్యూబ్‌లైటు కింద ఈ తేడా తెలియదు. అమ్మేవాడు ట్యూబ్‌లైటు కిందే చూడమంటే మీరే బయటికి పట్టుకెళ్లి ఎండలో చూసుకోండి.

చేతులు మారి అరిగిన నాణెమైతే లెక్క వేరు. అందులో ఈ తిరిగే మెరుపు పెద్దగా ఉండదు, ఉండాలని కూడా లేదు. రాణి జుట్టు పాయలు చదునైపోయాక కూడా నాణెం కొత్తదానిలా మెరుస్తోందంటే మాత్రం నాకు వెంటనే అనుమానం. అక్షరాల చుట్టూ చూడండి. ఖాళీ జాగా అంతా తెల్లగా ఉండి, అక్షరాల మొదళ్ల దగ్గర మాత్రం సన్నని నల్ల అంచు మిగిలితే, తోమిన గుడ్డ అంత లోపలికి వెళ్లలేదన్నమాట. చార్మినార్ రూపాయిలో నేను ముందు చూసేది మధ్య కమాను లోపల. అక్కడ ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ నాణేలకు ‘మీమ్’, ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ నాణేలకు ‘ఐన్’ అనే ఉర్దూ అక్షరం ఉంటుంది. విభూతి, పళ్లపొడి ఆ మూలలో ఇరుక్కుని తెల్లటి పొడిగా మిగులుతాయి. పది రెట్ల లెన్స్ చాలు.

అపోహ: లెన్స్‌లో గీతలు కనిపిస్తే తోమినట్టే.

తొందరపడకండి. టంకశాలలో అచ్చునే మెరుగు పెట్టేవాళ్లు. అచ్చు మీద పడిన గీత నాణెం మీద ఉబ్బుగా వస్తుంది, బొమ్మ దగ్గరికి వచ్చి ఆగిపోతుంది. తోమినప్పుడు పడే గీత లోతుగా ఉంటుంది. ఖాళీ జాగాలోంచి మొదలై రాణి బుగ్గ మీదుగా సాగిపోతుంది, పైగా పక్కన అదే దిక్కులో మరికొన్ని ఉంటాయి. నల్లరంగు కిందనుంచి ఇలాంటివి కనిపిస్తే, ఎప్పుడో తోమారు, ఆ తర్వాత రంగెక్కింది అని.

అపోహ: రుద్దకుండా, వెండి నలుపు పోగొట్టే ద్రావణంలో ముంచితే ఎవరికీ తెలియదు.

ఇందులో కొంత నిజముందని ఒప్పుకోవాలి. కొత్తదనం చెడని నాణేన్ని ఒక్కసారి, క్షణకాలం ముంచి తీస్తే చాలాసార్లు గ్రేడర్లు కూడా పట్టుకోరు, అంకె ఇచ్చేస్తారు. కానీ ఆ ద్రావణంలో ఆమ్లం ఉంటుంది, నలుపుతో పాటు కాస్త వెండినీ తీసుకుపోతుంది. రెండోసారి, మూడోసారి అయ్యేసరికి పైన చెప్పిన చారలు కరిగిపోయి నాణెం పాలిపోతుంది. యూట్యూబ్‌లో చూపించే బేకింగ్ సోడా, అల్యూమినియం ఫాయిల్ పద్ధతిలో నలుపు తిరిగి వెండిగా మారే మాట నిజమే. అయితే ఆ వెండి పాత చోట పాత నునుపుతో కూర్చోదు. నల్లగా మచ్చలుపడ్డ నాణెమైతే మచ్చల చోట మసకగా మిగులుతుంది.

అపోహ: బరువు సరిపోయింది, కాబట్టి తోమలేదు.

విక్టోరియా రూపాయి 11.66 గ్రాములు. తోమితే పోయేది మామూలు త్రాసుకి అందనంత తక్కువ. బరువు చూడాల్సింది నకిలీలు పట్టుకోవడానికి.

అపోహ: అన్ని రూపాయలూ ఒకేలా మెరవాలి.

1940 నుంచి ఆరో జార్జి రూపాయిలో వెండిని 91.7 శాతం నుంచి 50కి తగ్గించారు, మిగతాది రాగి, నికెల్, జింకు. పాతబడ్డాక దానికి వచ్చే రంగే వేరు. విక్టోరియా రూపాయి పక్కన పెట్టి పోల్చకండి.

అపోహ: నాణేనికి ఏదీ తగలకూడదు.

కుంకుమలోని నూనె జిడ్డు, పాత ప్లాస్టిక్ కవర్ల నుంచి వచ్చే పచ్చటి జిగురు తీయడానికి స్వచ్ఛమైన అసిటోన్ వాడొచ్చు. అది వెండితో చర్య జరపదు, దాన్ని క్లీనింగ్ కింద లెక్కపెట్టరు. నెయిల్ పాలిష్ రిమూవర్ మాత్రం వద్దు, అందులో వేరే నూనెలు, రంగులు ఉంటాయి. గాజు గిన్నెలో పోసి నాణేన్ని నానబెట్టండి, అంచులు పట్టుకుని తీసి, మెత్తటి గుడ్డ మీద పెట్టి ఆరనివ్వండి. తుడవొద్దు. కిటికీలు తెరిచి ఉంచండి, దీపం, అగరొత్తి దగ్గర అసలే వద్దు, భగ్గున అంటుకుంటుంది.