కుళాయి కింద ఒక నిమిషం సినిమా

గిన్నె నిండా నీళ్లు పట్టి కుళాయి కింద పెట్టండి. కుళాయిని చుక్క చుక్కగా వదిలి, ఫోన్‌లో స్లో మోషన్ ఆన్ చేయండి. ఇప్పుడు చాలా ఫోన్లు సెకనుకు 240 ఫ్రేములు, అంటే విడి బొమ్మలు, తీస్తాయి, వాటిని 30 చొప్పున చూపిస్తే అంతా ఎనిమిది రెట్లు నెమ్మదిస్తుంది. చుక్క పడిన చోట నీళ్లలో గుంట పడుతుంది, ఆ గుంట పూడుకునే ఊపులో మధ్యలోంచి సన్నటి నీటి స్తంభం పైకి లేస్తుంది, నీటి పైపొరను బిగించి ఉంచే తలతన్యత దాని కొసను తెంపేసి ఇంకో బుల్లి చుక్కను చేస్తుంది, అది మళ్లీ కిందికి పడుతుంది. ఇలాంటి దృశ్యం కోసమే 1930లలో హెరాల్డ్ ఎడ్జర్టన్ అనే ఇంజనీరు క్షణంలో మెరిసి ఆరిపోయే స్ట్రోబ్ ఫ్లాషులతో కుస్తీ పట్టి పాలచుక్క లేపిన కిరీటాన్ని ఫొటో తీశాడు.

సరే, చుక్క వేగం కంటికి అందలేదు. మరి కిటికీ తెర కదలడం, గోడ మీద ఆకుల నీడ ఊగడం నెమ్మదైనవే కదా, అవెందుకు కనపడవు?

ఎందుకంటే కన్ను మనం అనుకున్నంత చూడదు. కంటి వెనకాల ఉండే తెర, రెటీనా, మధ్యలో ఫోవియా అనే చిన్న చోట మాత్రమే స్పష్టమైన చూపు ఉంటుంది, ఆ చూపుకు అందేది చాచిన చేతి బొటనవేలి గోరు ఎంత కనిపిస్తుందో దాదాపు అంతే. అందుకే కన్ను సెకనుకు సుమారు మూడుసార్లు అటూ ఇటూ గెంతుతుంటుంది, మధ్యలో ఖాళీలను మెదడు పాత అనుభవంతో పూడ్చేస్తుంది. రోజూ చూసే గది విషయంలో అయితే దానికి అసలు శ్రమే అక్కర్లేదు! 1999లో సైమన్స్, షాబ్రీ అనే మనస్తత్వవేత్తలు చేసిన ప్రయోగం చాలామంది వినే ఉంటారు: వీడియోలో బంతి పాసులు లెక్కపెట్టే పనిలో పడి, మధ్యలోంచి నడిచిపోయిన గొరిల్లా వేషధారిని దాదాపు సగం మంది గమనించనే లేదు.

ఫోన్ ఫ్రేము పనికొచ్చేది ఇక్కడే. చుట్టూ ఉన్నదంతా కోసేసి, చిన్న చట్రంలో ఉన్నదాన్నే చూడమంటుంది. ఒక్క షరతు, ఫోన్ కదపకూడదు. 1895 డిసెంబర్ 28న పారిస్‌లో లూమియేర్ సోదరులు టికెట్ పెట్టి చూపించిన సినిమాలు ఒక్కోటి సుమారు 50 సెకన్లే, కెమెరా కదలదు, ఫ్యాక్టరీ నుంచి బయటికొచ్చే కార్మికులు, పాపకు తినిపించే అమ్మానాన్నలు, అంతే. జనం వాటినే నోరెళ్లబెట్టి చూశారు.

ఫోన్ పట్టుకుంటే అనుభవం పోతుందంటారు. నా లెక్కలో అది సగం నిజం. 2014లో లిండా హెంకెల్ అనే పరిశోధకురాలు మ్యూజియంలో పరీక్షించి చూస్తే, వస్తువును మొత్తంగా ఫొటో తీసినప్పుడు, ఊరికే చూసినప్పటికంటే దాని వివరాలు తక్కువ గుర్తున్నాయి, కానీ ఏదో ఒక భాగాన్ని జూమ్ చేసి తీసినప్పుడు ఆ నష్టం కనిపించలేదు. పైగా ఫ్రేములో పడని భాగాలూ బాగానే గుర్తున్నాయి. అంటే తేడా ఫోన్ వల్ల కాదు, ఏం తీయాలో ఎంచుకున్నామా లేదా అన్నదాని వల్ల.

ఒక చిట్కా: స్లో మోషన్‌కు పగటి వెలుగు కావాలి, ఒక్కో ఫ్రేముకు సెకనులో 240వ వంతు కంటే ఎక్కువ సమయం దొరకదు కాబట్టి. లైటు వేసి తీస్తే వీడియో మినుకుమినుకుమనొచ్చు. 50 హెర్ట్జ్, అంటే సెకనుకు 50 సార్లు అటూ ఇటూ ఊగే, కరెంటు మీద కొన్ని లైట్లు సెకనుకు 100 సార్లు వెలుగు తగ్గి పెరుగుతుంటాయి. దాన్ని చెడిపోయిన వీడియో అనుకుని డిలీట్ చేయకండి, కావాలంటే ఈసారి చుక్కను వదిలేసి ఆ లైటునే తీయండి.