కార్ల కంపెనీలు ఏ బండి చేయాలో ఎలా తేలుస్తాయి? అపోహలు – వాస్తవాలు

మాది నరసన్నపేట దగ్గర పల్లె. పదహారేళ్లుగా ఒక కార్ల కంపెనీలో ప్రొడక్ట్ ప్లానింగ్ చేస్తున్నాను. రాబోయే బండి పొడవెంత, సీట్లెన్ని, ఏ ఇంజను, ఏ ధర అన్నది ముందుగా కాగితం మీద తేల్చే పని. సంక్రాంతికి ఇంటికెళ్తే అరుగు మీద ప్రశ్నలు మొదలవుతాయి. "ఏటల్లుడూ, మీకు నచ్చిన బళ్లు మీరు సేసేసి మా నెత్తిన రుద్దేత్తారేటి?" అన్నారు మావయ్య ఈసారి. ఆయనకి చెప్పినవే ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: బండి ఎంత పొడవుండాలో డిజైనర్ ఇష్టం.

మావయ్య మారుతి డిజైర్ కారు దగ్గరికి టేపు పట్టుకెళ్లి ఆయన చేతే కొలిపించాను. ముందు బంపర్ నుంచి వెనక బంపర్ దాకా నాలుగు మీటర్లకి వెంట్రుకవాసి తక్కువ. కంపెనీ లెక్కలో 3,995 మిల్లీమీటర్లు. పక్కింటి వాళ్ల బొలెరో కూడా అంతే. ఇది కాకతాళీయం కాదు. 2006 బడ్జెట్లో నాలుగు మీటర్ల లోపు చిన్న ఇంజను కార్లకి ఎక్సైజ్ సుంకం 24 శాతం నుంచి 16కి తగ్గించారు. 2008లో వచ్చిన మొదటి డిజైర్ పొడవు 4,160. 2012లో వచ్చిన రెండోదాన్ని ఆ గీత లోపలికి తెచ్చారు. కోత పడింది డిక్కీకి. పెళ్లికెళ్తే పెట్టెలు ఒళ్లో పెట్టుకోవాల్సి వస్తోందని అత్తయ్య విసుక్కునేది అందుకే.

గీత ఇప్పటికీ ఉంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి నాలుగు మీటర్ల లోపు, 1,200 సీసీ లోపు పెట్రోల్ కారుకి జీఎస్టీ 18 శాతం. డీజిల్‌కైతే 1,500 సీసీ దాకా. పొడవులో గాని, ఇంజనులో గాని గీత దాటితే 40 శాతం. అందుకే మా మీటింగుల్లో పది మిల్లీమీటర్ల కోసం గంటలు గంటలు వాదులాడుకుంటాం. వెనక కూర్చునేవాళ్ల మోకాళ్లకి ఇస్తే డిక్కీకి తగ్గుతుంది, డిక్కీకి ఇస్తే మోకాళ్లకి తగ్గుతుంది. గీత గీసింది ఢిల్లీ, దాని లోపల మనుషుల్ని సర్దడం మా పని.

అపోహ: చిన్న డీజిల్ కార్లని ప్రభుత్వం నిషేధించింది.

లేదు. 2020 ఏప్రిల్లో బీఎస్6 వచ్చింది, అంటే బండి పొగ మీద మరింత కఠినమైన నిబంధనలు. డీజిల్ పొగని శుభ్రం చేసే సామగ్రి ఖరీదు. పదిహేను లక్షల బండి ఆ ఖర్చుని మోస్తుంది, ఆరు లక్షల బండి మోయలేదు. మారుతి డీజిల్ మానేసింది, మహీంద్రా కొనసాగిస్తోంది. ఎవరి లెక్క వాళ్లది.

అపోహ: పేరు వేరైతే బండి వేరు.

మారుతి బాలెనో, టయోటా గ్లాంజా పక్కపక్కన పెట్టి చూడండి. లోగో, ముందు గ్రిల్ లాంటివి మారతాయి గాని లోపలి బండి ఒక్కటే. కొత్త ప్లాట్‌ఫామ్ (బండికి ఆధారమైన అడుగు భాగం), దాని అచ్చులు తయారు చేయడానికి వందల కోట్లు అవుతాయి. ఆ ఖర్చు ఎన్ని ఎక్కువ బళ్ల మీద పంచితే బండి అంత చవక.

అపోహ: జనం అడిగితే వచ్చే ఏడాదికి చేసేస్తారు.

ఈ విషయంలోనే నాకు ఎక్కువ బాధ. కొత్త బండికి మూడు నాలుగేళ్లు పడుతుంది. ఇవాళ షోరూంలో మెరుస్తున్నది ఎప్పుడో నాలుగేళ్ల కిందటి అంచనా. మధ్యలో డీజిల్ ధర మారుతుంది, పన్ను మారుతుంది, జనం మనసూ మారుతుంది. మేం రెండేళ్లు కష్టపడి తయారుచేస్తున్న ఒక బండిని రోడ్డెక్కించకుండానే ఆపేశాం. దాని మట్టి నమూనా మీద చెయ్యేసి నిలబడ్డ రోజు నాకింకా గుర్తుంది.

అపోహ: మన జిల్లాల వాళ్ల మాట కంపెనీలకి పట్టదు.

శ్రీకాకుళానికో విజయనగరానికో వేరే కారు చేయరు, అది నిజమే. కానీ మాట వినకుండానూ చేయరు. 2005లో టాటా ఏస్ అనే చిన్న ట్రక్కు వచ్చే ముందు ఆ బృందం మూడు చక్రాల బళ్ల డ్రైవర్లతో కూర్చుని మాట్లాడింది. నాలుగు చక్రాలుంటే ఊళ్లో మర్యాద పెరుగుతుందన్నది ఆ మాటల్లోనే వచ్చింది. ఇప్పుడు మన సంతల్లో కూరగాయల బుట్టలు దించుతున్నది ఆ బండే.

మొన్న రథసప్తమికి అరసవల్లిలో పార్కింగ్ దగ్గర రెండు గంటలు నిలబడ్డాను. ఏడు సీట్ల బండిలోంచి తొమ్మిది మంది దిగారు. మూడో వరసలో ఉన్న ముసలమ్మ దిగాలంటే మధ్య సీటు మడవాలి. ఆవిడ ఒక చేత్తో కొబ్బరికాయల సంచి, రెండో చేత్తో మనవడి భుజం పట్టుకుని, కాలు ఎక్కడ మోపాలో తెలీక ఆగిపోయింది. తలుపు మీద ఆవిడ చేతికందే పిడి లేదు. అది రాసుకున్నాను. సోమవారం ఆఫీసులో ఆ పిడికీ, కింద మెట్టు ఎత్తుకీ కొలతలతో సహా కాగితం పెట్టాను. ధర లెక్కగట్టేవాళ్లు ఇంకా ఒప్పుకోలేదు. వచ్చే నెల మళ్లీ పెడతాను.