మెత్తటి కర్రకే ఎక్కువ పదును

‘కొండపల్లి బొమ్మలు చేసే తెల్ల పొణికి బెండులా మెత్తగా ఉంటుంది కదా, దానికీ ఉలి అంతలా నూరాలా?’ అని ఓ పాఠకుడు అడిగారు. నూరాలి. టేకుకన్నా పొణికికే ఎక్కువ నూరాలి.

బాగా పండిన టమాటాను మొద్దు కత్తిపీట మీద తోసి చూడండి. తొక్క తెగదు, లోపలి గుజ్జు నలిగి రసం కారుతుంది. అదే కత్తిపీటకు క్యారెట్ కాస్త బలం పెడితే తెగుతుంది. క్యారెట్ ఎదురు నిలుస్తుంది, టమాటా లొంగిపోతుంది. లొంగిపోయేదాన్ని కోయాలంటే, అది లొంగేలోపే తెగేంత పీడనం వాదర (కోసే అంచు) దగ్గర పుట్టాలి. బలాన్ని వైశాల్యంతో భాగిస్తే పీడనమని బళ్ళో బట్టీ పట్టిస్తారు. క్లాసుకో టమాటా తెస్తే సరిపోయేది! వాదర మందం 10 మైక్రాన్ల నుంచి 1 మైక్రానుకు తగ్గితే, అదే బలానికి పీడనం పదింతలు.

పొణికీ టమాటా బాపతే. కర్రంటే సన్నటి గొట్టాల్లాంటి కణాల కట్ట. తేలిక కర్రలో వాటి గోడలు పల్చన, లోపల గాలి ఎక్కువ. మొద్దు ఉలి వాటిని కోయదు, అణగదొక్కుతుంది. పైకి బాగానే కనిపిస్తుంది. చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కు అనే ముద్ద తడి తగిలాక ఆ అణిగిన పోగులు ఉబ్బి లేస్తాయి. అప్పుడిక ఉప్పుకాగితమే గతి.

మరి ఇంత మెత్తటి కర్ర ఉక్కు ఉలి పదునునెలా పాడుచేస్తుంది? వెంట్రుక ఉక్కుకన్నా 50 రెట్లు మెత్తన. అయినా గడ్డం గీస్తుంటే బ్లేడు అంచు పెచ్చులూడుతుందని ఎంఐటీ పరిశోధకులు 2020లో ‘సైన్స్’ పత్రికలో చూపించారు. వెంట్రుక వంగి వాదరను పక్కకు లాగుతుంది. ఉక్కు లోపలి అల్లిక ఒకేలా లేనిచోట పెచ్చు లేస్తుంది. అందుకే ఉలిని కర్రలో దించి పక్కకు మెలితిప్పకూడదు. (పిరమిడ్ కింద పెడితే బ్లేడు పదును నిలుస్తుందని 1959లో చెకోస్లోవేకియాలో ఏకంగా పేటెంటే ఇచ్చారు. సానరాయే చవక.)

పొణికి లాంటిదానికి ఉలి అంచు వాలు 20 డిగ్రీల దగ్గర ఉంటే చాలు. గ్రైండర్ మీద పెడితే అంచు నీలం తిరగనివ్వకండి. ఆ రంగొచ్చేసరికి వేడి దాదాపు 300 డిగ్రీలు, ఉక్కు గట్టిదనం తగ్గిపోయినట్టే. సానరాయి మీద నూరాక అంచున గోటికి తగిలే సన్నటి రేకు మిగులుతుంది. దాన్ని తీసేది తోలుపట్టీ. వాదర వెనక వచ్చేలా లాగాలి, నొక్కకూడదు. ఇక్కడా టమాటాయే: నొక్కితే తోలు అణిగి, వాదర దాటగానే పైకి లేచి అంచును గుండ్రం చేసేస్తుంది.

పదును చూడటానికి బొటనవేలు వద్దు. పొణికి ముక్కను పోగుకు అడ్డంగా కోయండి. కోసినచోటు నున్నగా మెరిస్తే సరే. పొడిపొడిగా రాలితే మళ్ళీ తోలుపట్టీ దగ్గరికే.