స్టీరింగ్ సాయానికి విడి ధర: 2016 నాటి ఆర్డర్ పేజీ నుంచి నేటి నెల చందా దాకా

టెస్లా 2026 జనవరిలో రెండు నిర్ణయాలను వెంటవెంటనే బయటపెట్టింది. ఫుల్ సెల్ఫ్ డ్రైవింగ్ ప్యాకేజీని, అంటే కారు తనంతట తాను నడిచేలా చేస్తామంటూ అమ్మే సాఫ్ట్‌వేర్‌ను, ఫిబ్రవరి 14 తర్వాత ఒకేసారి డబ్బు కట్టి కొనుక్కునే వీలుండదని, ఆపై నెల చందా ఒక్కటే మార్గమని సంస్థ అధినేత ఇలాన్ మస్క్ ప్రకటించారు. ఆ తర్వాత కొద్ది రోజులకే, అమెరికాలో అమ్మే కొత్త కార్లతోపాటు అంతవరకు విడి ధర లేకుండా వస్తున్న ఆటోస్టీర్, అంటే కారును లేన్ మధ్యలో పట్టి ఉంచే సదుపాయం, జాబితా నుంచి తప్పుకుంది. ముందు వెళ్లే వాహనాన్ని బట్టి వేగాన్ని సర్దుకునే క్రూయిజ్ కంట్రోల్ మాత్రం మిగిలింది. దాంతో కొత్త విద్యుత్ కారు కొనబోయేవారి ముందుకు పాత ప్రశ్నే మళ్లీ వచ్చింది: డ్రైవర్‌కు తోడ్పడే ఫీచర్లకు అదనంగా డబ్బు పెట్టాలా, వద్దా?

ఈ ఫీచర్లు మొదట ఏ కారులో, ఎలా వచ్చాయన్నది చాలామందికి తెలిసిన కథే కనుక ఇక్కడ దాన్ని తిరగదోడటం లేదు. నేటి తగవుకు మూలం అంతా 2016 అక్టోబర్‌లో ఉంది. అంతవరకు కొనుగోలుదారు డబ్బు కట్టింది కారులో అప్పటికే పనిచేస్తున్న, లేదా త్వరలో వచ్చే పరిమితమైన సదుపాయానికి. ఆ నెల నుంచి, ఇంకా తయారుకాని సాఫ్ట్‌వేర్‌కు కూడా ధర నిర్ణయించి అమ్మడం మొదలైంది.

ఆ అక్టోబర్‌లో టెస్లా చెప్పిన మాట చాలా పెద్దది. ఇకపై తమ కర్మాగారం నుంచి వచ్చే ప్రతి కారులోనూ, మనిషి నడిపేదానికంటే గణనీయంగా ఎక్కువ భద్రతతో తనంతట తాను నడిచేందుకు కావలసిన హార్డ్‌వేర్ అంతా ఉంటుందని అది ప్రకటించింది. ఎనిమిది కెమెరాలు, పన్నెండు అల్ట్రాసోనిక్ సెన్సర్లు, ఒక రాడార్, ఒక శక్తిమంతమైన కంప్యూటర్ ఆ హార్డ్‌వేర్‌లో భాగం. ఆర్డర్ పేజీలో రెండు ఐచ్ఛికాలు కనిపించేవి: ఎన్‌హాన్స్‌డ్ ఆటోపైలట్‌కు (హైవేపై లేన్ మార్పు, పార్కింగ్ వంటి పనుల్లో సాయపడే ప్యాకేజీ) 5,000 డాలర్లు, దానిపైన ఫుల్ సెల్ఫ్ డ్రైవింగ్ సామర్థ్యానికి మరో 3,000 డాలర్లు. ఆ సదుపాయాలు కచ్చితంగా ఎప్పుడు అందుతాయో చెప్పలేమని, అది స్థానిక నియంత్రణ సంస్థల అనుమతులపై ఎక్కువగా ఆధారపడి ఉంటుందని అదే పేజీలో ఒక వివరణ ఉండేది. ఆ వివరణ చదివినవారికి సరుకు సిద్ధంగా ఉందని, ప్రభుత్వాల ముద్ర పడటమే తరువాయి అని తోచడంలో ఆశ్చర్యమేమీ లేదు.

ఆ భావనకు బలం చేకూర్చింది అదే సమయంలో విడుదలైన వీడియో. డ్రైవర్ సీట్లోని వ్యక్తి చట్టపరమైన కారణాల వల్ల మాత్రమే అక్కడ ఉన్నాడని, కారు తనంతట తానే నడుస్తోందని ఆ వీడియో మొదట్లోనే చెప్పింది. ఆటోపైలట్ సాఫ్ట్‌వేర్ విభాగాధిపతి అశోక్ ఎల్లుస్వామి 2022లో ఒక కేసులో ప్రమాణపూర్వకంగా ఇచ్చిన వాంగ్మూలం వేరే సంగతి చెప్పింది. ఆ ప్రయాణానికి దారిని ముందుగానే త్రీడీ మ్యాపింగ్ చేశారని, చిత్రీకరణ సమయంలో కారు తనంతట తాను పార్క్ అయ్యే ప్రయత్నంలో కంచెకు గుద్దుకుందని ఆయన వివరించారు. 2016లో 3,000 డాలర్లు కట్టినవారికి ఈ సంగతి తెలిసే అవకాశమే లేదు.

వారికి వెంటనే చేతికి అందినదేమిటో కూడా చూడాలి. కొత్త హార్డ్‌వేర్ ఉన్న కార్లలో కొంతకాలం పాటు అత్యవసర ఆటోమేటిక్ బ్రేకింగ్, ఢీకొనే ముప్పు హెచ్చరిక, లేన్‌లో నిలిపి ఉంచే సదుపాయం వంటివి ఉండవని సంస్థే ఆనాడు చెప్పింది. అంటే రెండూ కలిపి 8,000 డాలర్లు కట్టి కొత్త కారు తీసుకున్న వ్యక్తి, అంతకుముందు వచ్చిన పాత హార్డ్‌వేర్ కారు చేసే పనులు కూడా చేయని కారును ఇంటికి తీసుకెళ్లాడు. అదనంగా డబ్బు కట్టడం వేరు, కట్టినందుకు ఫలితం అందుకోవడం వేరు అన్న ఎడం అప్పుడే ఏర్పడింది. 2018లో ఎన్‌హాన్స్‌డ్ ఆటోపైలట్ ఆలస్యంపై నడిచిన సామూహిక దావాను సంస్థ రాజీ చేసుకుంది. 2016, 2017లలో కొన్నవారికి తలా 20 నుంచి 280 డాలర్ల వరకు పరిహారంగా దక్కింది.

2019లో జరిగిన మార్పు, 2026 నాటి మార్పును అర్థం చేసుకోవడానికి అన్నింటికంటే ఎక్కువగా పనికొస్తుంది. ఆ ఏడాది ఫిబ్రవరి చివర సంస్థ తన ప్యాకేజీలను విడదీసి మళ్లీ కూర్చింది. హైవేపై తానే లేన్ మారడం, కారును పార్కింగ్ స్థలం నుంచి పిలిపించుకోవడం వంటివి అంతకుముందు ఎన్‌హాన్స్‌డ్ ఆటోపైలట్‌లో భాగం. అవి ఫుల్ సెల్ఫ్ డ్రైవింగ్ కిందికి వెళ్లాయి. ఆ పేరుతో కొన్నవారికి అంతవరకు చెప్పుకోదగ్గదేదీ ప్రత్యేకంగా అందలేదు కనుక, ఉన్న సదుపాయాలను ఆ పెట్టెలోకి మార్చడంతో పెట్టె ఖాళీగా లేదని చెప్పుకునే వీలు కలిగింది. ఎన్‌హాన్స్‌డ్ ఆటోపైలట్ ఇదివరకే ఉన్నవారికి ఫుల్ సెల్ఫ్ డ్రైవింగ్‌ను 2,000 డాలర్లకే ఇవ్వజూపడంతో, మొదట్లోనే 3,000 కట్టి నమ్మకం చూపినవారు భగ్గుమన్నారు. ఏప్రిల్‌లో లేన్‌లో నిలిపే సదుపాయం ప్రతి కారులో ప్రామాణికం అయింది. దాదాపు ఏడేళ్ల తర్వాత, 2026లో వెనక్కి తీసుకున్నది దాన్నే.

సంస్థ వాదన ఏమిటంటే, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లతో సామర్థ్యం పెరిగేకొద్దీ ధర కూడా పెరుగుతుంది కనుక ముందు కొన్నవారే లాభపడతారు. కొంతకాలం ధర ఆ దారిలోనే నడిచింది: 2020 అక్టోబర్‌లో 10,000, 2022 జనవరిలో 12,000, అదే ఏడాది సెప్టెంబర్‌లో 15,000 డాలర్లు. తర్వాత 2023లో 12,000కు, 2024 ఏప్రిల్‌లో 8,000కు దిగింది. సాఫ్ట్‌వేర్ నిజంగానే మెరుగైన కాలంలోనే ధర దాదాపు సగానికి పడింది. 15,000 పెట్టినవారికి తేడా తిరిగి రాలేదు. కొన్నది కారుకే అంటిపెట్టుకుని ఉంటుంది తప్ప యజమానితో కొత్త కారుకు రాదన్నది మొదటి నుంచీ ఉన్న నియమం. 2023లో ఒక్కసారికే అంటూ బదిలీకి అనుమతించి, తర్వాత ఆ అవకాశాన్ని మళ్లీ ఇచ్చారు.

హార్డ్‌వేర్ మాట కూడా నిలబడలేదు. కావలసినవన్నీ ఉన్నాయన్న కార్లలోని కంప్యూటర్‌ను 2019లో కొత్తది వచ్చాక మార్చవలసి వచ్చింది. ప్యాకేజీ కొన్నవారికి దాన్ని ఉచితంగా అమర్చారు. రాడార్‌ను 2021 నుంచి, అల్ట్రాసోనిక్ సెన్సర్లను 2022 నుంచి కొత్త కార్లలో తీసేస్తూ వచ్చారు. ఆ 2019 నాటి కంప్యూటర్ సైతం సరిపోదని, ప్యాకేజీ కొన్నవారికి దాన్ని మార్చక తప్పదని మస్క్ 2025 జనవరిలో అంగీకరించారు. ఫుల్ సెల్ఫ్ డ్రైవింగ్ పేరు చివర ‘సూపర్‌వైజ్డ్’ (పర్యవేక్షణలో) అన్న మాట 2024లో చేరింది. అంటే డ్రైవర్ కళ్లు రోడ్డుపై ఉండవలసిందే, బాధ్యత డ్రైవర్‌దే. వాహన ఇంజినీర్ల సంస్థ ఎస్‌ఏఈ సున్నా నుంచి ఐదు దాకా నిర్ణయించిన ఆటోమేషన్ స్థాయిల్లో చెప్పాలంటే ఇది రెండో స్థాయే.

మిగతా తయారీదారులు ఇదే కాలంలో భిన్నమైన దారులు పట్టారు. జనరల్ మోటార్స్ 2017లో తెచ్చిన సూపర్ క్రూయిజ్ ముందుగా మ్యాప్ చేసిన హైవేలపైనే పనిచేసేది, డ్రైవర్ చూపును కెమెరాతో గమనించేది. వాగ్దానం చిన్నది, ఇచ్చింది మాత్రం అదే రోజు కారులో ఉంది. చైనా సంస్థ బీవైడీ 2025 ఫిబ్రవరిలో తన ‘గాడ్స్ ఐ’ వ్యవస్థను చిన్న సీగల్ సహా దాదాపు అన్ని మోడళ్లలో అదనపు ధర లేకుండా ఇస్తామంది. మార్చిలో అదే దేశంలో షావోమీ ఎస్‌యూ7 కారు డ్రైవర్ అసిస్టెన్స్ వాడకంలో ఉండగా జరిగిన ప్రమాదంలో ముగ్గురు మరణించారు. ఏప్రిల్‌లో ప్రభుత్వం తయారీదారులను పిలిచి, ప్రకటనల్లో అతిశయోక్తులు వద్దని హెచ్చరించింది.

కొనుగోలుదారు విడదీసి చూడవలసిన తేడా ఒకటుంది, ఆర్డర్ పేజీలు సాధారణంగా దాన్ని చెరిపేస్తాయి. ప్రాణం కాపాడేవి వేరు, ప్రయాణం సులువు చేసేవి వేరు. ఐరోపా సమాఖ్యలో 2024 జులై నుంచి నమోదయ్యే ప్రతి కొత్త కారులోనూ అత్యవసర బ్రేకింగ్, అత్యవసర లేన్ కీపింగ్, డ్రైవర్ మగత హెచ్చరిక చట్టప్రకారం ఉండాలి. అమెరికాలో అత్యవసర బ్రేకింగ్‌ను 2029 సెప్టెంబర్ నాటికి తప్పనిసరి చేస్తూ నిబంధన వచ్చింది. ముందు వాహనాన్ని గుద్దే ప్రమాదాలను అత్యవసర బ్రేకింగ్ దాదాపు సగానికి తగ్గిస్తుందని అమెరికాలోని ఇన్సూరెన్స్ ఇన్‌స్టిట్యూట్ ఫర్ హైవే సేఫ్టీ తేల్చింది. అదే సంస్థ, స్టీరింగ్‌నూ వేగాన్నీ కలిపి చూసుకునే పాక్షిక ఆటోమేషన్ ప్రమాదాలను తగ్గిస్తోందనడానికి ఆధారం పెద్దగా కనిపించలేదని 2024లో చెప్పింది. డ్రైవర్ ఏమరుపాటును పసిగట్టే ఏర్పాట్లను ఆ ఏడాదే పరీక్షిస్తే, 14 వ్యవస్థల్లో 11 నాసిరకంగా తేలాయి. కనుక చందా కట్టకపోతే కుటుంబం భద్రత తగ్గిపోతుందన్న భయంతో ఎవరూ డబ్బు పెట్టనక్కర్లేదు. దూర ప్రయాణాలు తరచుగా చేసేవారికి అలసట తగ్గుతుందనుకుంటే, ఆ సుఖానికి పెట్టే ఖర్చుగానే దాన్ని లెక్కవేయాలి.

ఆ లెక్కలో నెల చందా కొనుగోలుదారుకే మేలు చేస్తుందని నా అభిప్రాయం. 2024లో చందా నెలకు 99 డాలర్లు, ఒకేసారి కొంటే 8,000. రెండూ సమానం కావడానికి ఆరేళ్ల తొమ్మిది నెలలు పడుతుంది, అంతకాలం ఒకే కారును ఉంచుకునేవారు తక్కువ. పనికిరాకపోతే వచ్చే నెల ఆపేయవచ్చు. అయితే సామర్థ్యం పెరిగేకొద్దీ ఆ 99 కూడా పెరుగుతుందని మస్క్ జనవరిలోనే చెప్పారు. లేన్‌లో నిలిపే మామూలు సదుపాయాన్ని ప్రామాణిక జాబితా నుంచి తీసి, చందా ఉన్నవారికే పరిమితం చేయడాన్ని ఈ మాటతో కలిపి చదవాలి.

పాత కొనుగోలుదారుల తగవు మాత్రం కోర్టులో ఉంది. కాలిఫోర్నియాలో ఫెడరల్ న్యాయమూర్తి రీటా లిన్ 2025 ఆగస్టులో ఫుల్ సెల్ఫ్ డ్రైవింగ్ కొన్నవారి దావాను సామూహిక దావాగా నడిపేందుకు అనుమతించారు. టెస్లాకు స్వతంత్ర డీలర్లు లేరు, సంప్రదాయ ప్రకటనలపైనా అది ఆధారపడదు కాబట్టి, హార్డ్‌వేర్ అంతా ఉందని వెబ్‌సైట్‌లో చెప్పిన మాట కొనుగోలుదారుల దృష్టికి వచ్చి ఉంటుందని భావించడం సమంజసమేనన్నది ఆ ఉత్తర్వులోని తర్కం.